మార్స్ మీద ఒక పెట్టె గీశాను: హైవిష్ వాడిన అనుభవం

ఆసుపత్రిలో ఓటీ లిస్టు వేయడం నా ఉద్యోగం. రేపు ఏ థియేటర్లో ఎవరికి ఎన్ని గంటలకు ఆపరేషన్, సర్జన్ ఎవరు, అనస్థీషియా ఎవరిస్తారు, ఏ సామాను స్టెరిలైజ్ అయి రావాలి, మధ్యలో ఎమర్జెన్సీ వస్తే ఎవరిని వెనక్కి జరపాలి, ఇవన్నీ రోజూ సాయంత్రానికి నా టేబుల్ మీద తేలిపోవాలి. పదకొండేళ్లుగా ఇదే పని. అందుకేనేమో, వేరే గ్రహం చుట్టూ తిరిగే నౌక ఏ రోజు ఏం చూడాలో ఎవరు తేలుస్తారు, ఎలా తేలుస్తారు అన్న ప్రశ్న ఒకసారి మనసులో పడ్డాక ఇక వదల్లేదు. దాని గురించి చదివి ఊరుకోకుండా, మనమూ ఒక చెయ్యి వేసే వీలు హైవిష్ ఇస్తుంది. ఒక మార్స్ సంవత్సరం, అంటే 687 రోజులు పూర్తిగా వాడాకే రివ్యూ రాద్దామని ఆగాను. అక్కడి రుతువులన్నీ ఒక చుట్టు తిరిగి వస్తేనే ఈ సేవ గురించి న్యాయంగా చెప్పగలమని నా అభిప్రాయం.

ముందుగా ఇదేమిటో చెప్తాను. నాసా వాళ్ల మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ 2006 మార్చి నుంచి అంగారకుడి చుట్టూ తిరుగుతోంది. దాని మీద హైరైజ్ అనే కెమెరా ఉంది. నిజానికది అర మీటరు అద్దం ఉన్న టెలిస్కోపు, నేల వైపు గురిపెట్టి ఉంటుంది. 300 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూసినా దాని ఒక్కో పిక్సెల్ నేల మీద 25 నుంచి 30 సెంటీమీటర్లే. డైనింగ్ టేబులంత బండరాయి పడి ఉంటే తెలిసిపోతుంది. ఈ కెమెరాను నడిపేది అరిజోనా విశ్వవిద్యాలయం బృందం. 2010 జనవరిలో హైవిష్ మొదలైంది. ఎవరైనా సరే మార్స్ మ్యాపు మీద ఒక చోటు చూపించి, ఇక్కడ ఫొటో తీయండి అని అడగొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, డిగ్రీ ఉండక్కర్లేదు.

మొత్తం గ్రహాన్ని వరసగా తీసేస్తే పోదా, అడగడం ఎందుకు అని నాకూ అనిపించింది. కాగితం మీద లెక్క వేశాక సందేహం తీరింది. ఒక చిత్రం వెడల్పు 6 కిలోమీటర్లు అనుకుందాం. 2011లో ఒక డిటెక్టర్ పోయాక అంతకంటే కాస్త సన్నబడింది కూడా. పొడవు 12 కిలోమీటర్లు అనుకుంటే ఒక్కో చిత్రం 72 చదరపు కిలోమీటర్లు. మార్స్ నేల 14 కోట్ల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంతా తీయాలంటే 20 లక్షల చిత్రాలు కావాలి. ఈ కెమెరా తన లక్షో చిత్రం తీసింది 2025 అక్టోబరులో, అంటే కక్ష్యలోకి చేరిన పందొమ్మిదేళ్లకు. అందులోనూ కొన్ని చోట్లను మళ్లీ మళ్లీ తీశారు. కాబట్టి ఎంచుకోక తప్పదు. ఆ లక్షో చిత్రం సిర్టిస్ మేజర్ ప్రాంతంలోని ఇసుక దిబ్బలది. ఆ చోటును హైవిష్‌లో సూచించింది ఒక హైస్కూలు విద్యార్థి. ఆ వార్త చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

ఇక వాడకం. మ్యాపు మీద ఒక పెట్టె గీయాలి. దానికో పేరు పెట్టాలి. కెమెరా బృందం పెట్టుకున్న 18 సైన్స్ విభాగాల్లో మన చోటు దేని కిందికి వస్తుందో ఎంచాలి: ఉల్కలు పడి ఏర్పడిన బిలాలు, రుతువులతో వచ్చే మార్పులు, అగ్నిపర్వతాలు, ఇలా. చివరగా, అక్కడ ఫొటో తీస్తే సైన్స్‌కు ఏం ఉపయోగమో రాయాలి. పెట్టె గీయడం, పేరు పెట్టడం పది నిమిషాల్లో అయిపోతుంది. ఈ చివరిదే అసలు పని.

మొదటిసారి నేను వాలెస్ మారినెరిస్ లోయ అంచున ఒక పెట్టె గీశాను. కారణం రాసే చోట, ఇక్కడి దృశ్యం చాలా అందంగా ఉంటుంది అన్నట్టు నాలుగు వాక్యాలు రాశాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురు పక్కనే కూర్చుని చదివింది.

"అత్తా, అందంగా ఉంటుందని నీకెలా తెలుసు? ఇంకా తీయలేదు కదా?"

"మామూలు ఫొటోల్లో చూశానమ్మా."

"అయితే తీస్తే కొత్తగా ఏం తెలుస్తుందో అది రాయాలి. ఇందులో అది లేదు."

నాకు చప్పున మా లిస్టు గుర్తొచ్చింది. ఒట్టి 'అర్జెంట్' అని రాసి పంపిన స్లిప్పును నేను తిప్పి పంపేస్తాను. ఎందుకు అర్జెంటో రాయండి, రేపటిదాకా ఆగితే ఏమవుతుందో రాయండి అంటాను. అక్కడ నేను అడిగే ప్రశ్ననే ఈ ఫారం ఇక్కడ నన్ను అడుగుతోంది. ఆ రాత్రి ఫారం పంపకుండా మూసేశాను.

తర్వాత రెండు నెలలు పెట్టెలు గీయలేదు, చూస్తూ కూర్చున్నాను. మీరూ అలాగే చేయండని చెప్తాను. ఇదే నౌక మీద సీటీఎక్స్ అనే ఇంకో కెమెరా ఉంది. దాని చిత్రం 30 కిలోమీటర్ల వెడల్పు, ఒక్కో పిక్సెల్ 6 మీటర్ల దాకా ఉంటుంది. ఆ చిత్రాలన్నీ అతికించి దాదాపు గ్రహమంతటికీ ఒక పెద్ద పటం తయారు చేశారు. 2023లో వచ్చింది, బ్రౌజర్లోనే చూడొచ్చు. ముందు అందులో వెతకాలి, ఆసక్తి కలిగిన చోట హైరైజ్ ఇప్పటికే తీసిందో లేదో సరిచూసుకోవాలి. సరిచూడ్డానికి నేను జేమార్స్ వాడాను. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది. మార్స్ ఒడిస్సీ నౌక మీది థెమిస్ కెమెరాకు పరిశీలనలు ప్లాన్ చేయడానికి తయారైంది. దాన్ని ఇప్పుడు ఎవరైనా ఇంట్లో కూర్చుని తెరవొచ్చు. ఒక బిలం మీదికి వెళ్లి, పాత హైరైజ్ చిత్రాల హద్దులు తెరిస్తే సన్నటి దీర్ఘచతురస్రాలు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. కొన్ని చోట్ల గుట్టగా, చాలా చోట్ల అసలేమీ లేకుండా. ఎక్కువ చిత్రాలున్న చోటు అంటే ఎవరో ఒక ప్రశ్నతో మళ్లీ మళ్లీ అక్కడికి వెళ్తున్నారని అర్థం. కొత్త బొమ్మలెన్నో చూసిన దానికంటే ఈ గీతలు చూస్తూ నేర్చుకున్నదే ఎక్కువ.

అప్పుడే నౌక వైపు నుంచి ఆలోచించడం అలవాటైంది. నౌక ఒక చుట్టు తిరగడానికి 112 నిమిషాలు పడుతుంది. ఆలోగా కింద గ్రహం కూడా తిరుగుతుంది కాబట్టి, మధ్యరేఖ దగ్గర తర్వాతి చుట్టు దాదాపు 1,600 కిలోమీటర్లు పక్కన పడుతుంది. మనం గీసిన 6 కిలోమీటర్ల పెట్టె మీదుగా సరిగ్గా వెళ్లే రోజు కోసం చూస్తూ కూర్చుంటే ఎన్నాళ్లయినా సరిపోవు. అందుకని నౌకను పక్కకు ఒరిగిస్తారు. కెమెరా విడిగా తిరగదు, నౌక మొత్తం ఒరగాలి. 30 డిగ్రీల వరకు ఒరగొచ్చు, అంటే 170 కిలోమీటర్ల అవతలి చోటు కూడా అందుతుంది. కానీ ఒరిగిన ఆ కాసేపు నౌక మీదున్న పరికరాలన్నీ ఒరుగుతాయి. వాతావరణాన్ని పొరలు పొరలుగా కొలిచే ఎంసీఎస్ అనే పరికరం గ్రహం అంచు వైపు చూస్తూ ఉంటుంది. ఒకరి చూపు కోసం ఒరిగితే ఇంకొకరి చూపు చెదురుతుంది. థియేటర్ ఒకటే, సర్జన్లు నలుగురు. అందరూ చేసేది మంచి పనే, అందరి కేసూ ముఖ్యమైనదే. లిస్టు మాత్రం ఒకటే ఉండాలి.

అందుకే ప్రణాళిక 2 వారాల విడతలుగా నడుస్తుంది. ఆ విడతకు హైరైజ్ సైన్స్ బృందంలో ఒకరు బాధ్యత తీసుకుంటారు. వేలకొద్దీ ఉన్న సూచనల్లోంచి ఈ 2 వారాల్లో నౌక దారికి అందేవేవో, వాటిలో ఏది ముఖ్యమో చూసి, టార్గెట్లను సర్దేవాళ్లతో కలిసి వరస పెడతారు. శాస్త్రవేత్తలు పంపినవీ, మనలాంటివాళ్లం పంపినవీ ఎదురుచూసేది ఆ గుట్టలోనే. ఈ సంగతి తెలిశాక నా పెట్టె పక్కన 'ఇంకా తీయలేదు' అని ఉన్నా టెన్షన్ పోయింది. అవతల కూడా నాలాంటి మనిషే కూర్చుని, కాలం, వెలుతురు, కోణం, డేటా అన్నీ చూసుకుంటూ ఒక్కొక్కటే సర్దుతుంటారు.

డేటా సంగతీ చెప్పాలి. మార్స్ మనకు బాగా దగ్గరికి వచ్చినప్పుడు 5.5 కోట్ల కిలోమీటర్లు, బాగా దూరమైతే 40 కోట్లు. దూరం పెరిగేకొద్దీ రోజుకు పంపగలిగే డేటా బాగా తగ్గిపోతుంది. అందుకే కొన్ని చిత్రాలను పూర్తి వివరంతో కాకుండా నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి తీస్తారు. సుమారు 26 నెలలకోసారి మార్స్ సూర్యుడి వెనక్కి వెళ్తుంది, అప్పుడు దాదాపు రెండు వారాలు ఆదేశాలు పంపడం ఆపేస్తారు. ఈ నౌకకు ఇంకో బాధ్యత కూడా ఉంది. కింద తిరిగే క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్ల సమాచారాన్ని అందుకుని భూమికి చేరవేస్తుంది. ధూళి తుపాను లేస్తే, 2018లో గ్రహమంతా కమ్మినట్టు, వేసిన లిస్టు వేసినట్టే పక్కన పెట్టాలి. మా దగ్గర రోడ్డు ప్రమాదం కేసులు ఒకేసారి వచ్చిన రోజుల్లా.

ఇక్కడో మాట. హైవిష్‌కు ముందు నేను డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను, దాని పేరు చెప్పను. గ్రహ పరిశీలనల ప్రణాళిక నేర్పుతామన్నారు. ఆరు వారాలు కక్ష్య సూత్రాలు చెప్పారు. చివరి అసైన్‌మెంట్లో ఒక నౌక, ఒక కెమెరా, ఒక టార్గెట్ ఇచ్చి సమయం కనుక్కోమన్నారు. రెండు పరికరాలకు ఒకే నిమిషం కావాల్సి వస్తే ఏం చేయాలన్న ప్రశ్నే రాలేదు. అడిగితే అది సిలబస్‌లో లేదన్నారు. ప్రణాళిక మొదలయ్యేదే ఆ ప్రశ్న దగ్గర! ఆ కోర్సు ఇవ్వలేనిది నాకు ఈ ఒక్క ఫారం నేర్పింది.

నా రెండో పెట్టె దక్షిణార్ధంలోని టెర్రా సిరేనమ్ ప్రాంతంలో, 40 డిగ్రీల అక్షాంశం దగ్గర. ఒక బిలం లోపల, ధ్రువం వైపు చూసే గోడ మీద కోత చాళ్లు ఉన్నాయి. వానకు మట్టిగట్టు కోసుకుపోయినట్టు, పైన గిన్నెలా తొలిచి, మధ్యలో సన్నటి పాయగా దిగి, కింద విసనకర్రలా పరుచుకున్న ఆకారాలు. మార్స్ మీద ఇలాంటివి చాలా ఉన్నాయి. వీటిలో కొన్ని ఇప్పటికీ మారుతున్నాయని పాత, కొత్త చిత్రాలు పక్కపక్కన పెట్టి చూశాకే తెలిసింది. ఆ మార్పులు కార్బన్ డయాక్సైడ్ మంచు పడే కాలంలో ఎక్కువగా జరుగుతాయి. నేను ఎంచిన చోట ఏళ్ల కిందటి చిత్రం ఒకటే ఉంది. మళ్లీ తీస్తే మార్పు తెలుస్తుంది కదా అని, శీతాకాలంలో తీయండి అని రాసి పంపాను.

అది తప్పని నెల తర్వాత నాకే తట్టింది. ఈ నౌక ఎప్పుడు చూసినా కింద మధ్యాహ్నం 3 గంటల వేళే ఉంటుంది, కక్ష్యను అలా కట్టారు. 40 డిగ్రీల దక్షిణాన నడి శీతాకాలంలో ఆ వేళకు సూర్యుడు 13 డిగ్రీల ఎత్తు దాకానే వస్తాడు. ధ్రువం వైపు వాలిన నిటారు గోడ మొత్తం నీడలో ఉంటుంది. నీడలోనూ చెదిరిన వెలుగు కొంత ఉంటుంది, మంచు చూడాలంటే అది చాలు. కానీ నేను అడిగింది సన్నటి చాళ్లలో తేడా. అందుకు వెలుతురు కావాలి, పైగా పాత చిత్రం తీసిన కాలంలోనే తీయాలి. లేకపోతే నీడల తేడాను చూసి నేల మారిందనుకుంటాం. మూడో సూచన పంపేటప్పుడు ఇవన్నీ రాశాను: పాత చిత్రం ఏ కాలంలో తీశారో, అదే కాలానికి దగ్గరగా ఎందుకు కావాలో, గోడలో ఏ పాయ కింద చూడాలో. మా మేనకోడలు చదివి, ఈసారి బాగుంది అత్తా అంది.

పధ్నాలుగు నెలలు గడిచాయి.

చిత్రం వచ్చిన రోజు రాత్రి డ్యూటీ అయి ఇంటికి వచ్చాను. ఫైలు చాలా పెద్దది, మామూలు ఫొటో సాఫ్ట్‌వేర్లో తెరవడం కష్టం. హైరైజ్ బృందమే ఇచ్చే హైవ్యూలో తెరిచాను. ముందు మొత్తం పట్టీ కనిపించింది, నడుమ మాత్రమే సన్నగా రంగు. నెమ్మదిగా దగ్గరికి వెళ్లాను. బిలం అంచున రాతి పొరలు, పొర కింద గిన్నెలాంటి తొలుపు, అందులో రాలిపడిన బండలు. ఒక్కో బండకూ కుడి పక్కన దాని నీడ. ఇంకా దగ్గరికి వెళ్తే పాయ అడుగున చిన్న చిన్న అలల్లా ఇసుక. ఒక పెద్ద బండ పాయ మధ్యలో అడ్డంగా ఉంది, పాయ దాన్ని చుట్టుకుని వంగి వెళ్లింది. నేను కాగితం మీద ఆ వంపును ఎన్నిసార్లు గీశానో. సీటీఎక్స్ పటంలో అది ఒక మచ్చ మాత్రమే.

పాత చిత్రం పక్కన తెరిచి, బండ బండకూ సరిచూశాను. రెండు గంటలు పట్టింది. మార్పు ఏమీ లేదు. విసనకర్ర అంచు అక్కడే ఉంది, పాయ మధ్య బండ కూడా అక్కడే.

నిరాశ పడ్డానా అంటే, లేదు. ఇన్నేళ్లలో ఈ గోడ కదల్లేదు అన్నది ఇప్పుడు ఒక కొలత. ఎక్కడెక్కడ మారుతున్నాయో తెలియాలంటే, మారని చోట్లు కూడా అంతే జాగ్రత్తగా రాసి ఉండాలి. నౌక సెకనుకు 3 కిలోమీటర్లకు పైగా వెళ్తూ తీసింది, మొత్తం చిత్రానికి పట్టింది కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్ల వెనక నేను రాసిన అరపేజీ కూడా ఉందన్న తృప్తి ఎంత పెద్దదో మాటల్లో చెప్పలేను.

ఎవరికి పనికొస్తుంది? వారంలో ఫొటో కావాలనుకునేవాళ్లకు కాదు. అడిగిన ప్రతిదీ తీస్తారన్న హామీ ఎక్కడా లేదు, ఉండడానికి వీల్లేదు. అంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి తెలుగులో చదువుకునే పిల్లలకు పక్కన పెద్దవాళ్లు ఉంటే మంచిది. భూగోళం, భౌతికశాస్త్రం చెప్పే మాస్టార్లు క్లాసులో వాడితే అద్భుతంగా ఉంటుంది. పిల్లలను జట్లుగా విడదీసి, ఒక్కో జట్టును ఒక్కో చోటుకు కారణం రాయమని, చివరికి ఒకటే పంపుతామని చెప్పి చూడండి. ఏది పంపాలో వాళ్లలో వాళ్లు వాదించుకుంటూ నేర్చుకునేది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. ఐదుకు ఎంత అంటే నేను ఐదూ ఇస్తాను.

ఇంకో సలహా. పంపే ముందు ఒక్కసారి ఆ చోటును వెడల్పు కెమెరాలో చూసి, ఏది ఏ కెమెరాకు తగిన పనో ఆలోచించండి. 2021 డిసెంబరు 24న మార్స్ మీద ఒక ఉల్క పడింది. ఇన్‌సైట్ అనే ల్యాండర్ ఆ అదురును పట్టుకుంది. దాదాపు 150 మీటర్ల బిలం ఏర్పడింది. ఆ చోటును ముందు కనిపెట్టింది వెడల్పుగా చూసే కెమెరాల చిత్రాలు. బిలం చుట్టూ చెల్లాచెదురుగా పడిన మంచుగడ్డలను దగ్గర నుంచి చూపించింది హైరైజ్. వెతకడానికి ఒక చూపు, తేల్చడానికి ఇంకో చూపు. హైరైజ్‌ను వెతకడానికి వాడమని అడిగితే ఒక చుట్టు వృథా అయినట్టే, ఆ నిమిషం ఇంకెవరిదో కూడా కదా.

ఇప్పుడు నా పేరున నాలుగో పెట్టె ఉంది. అదే బిలం, ఈసారి శీతాకాలం చివర, గోడ మీద మంచు ఇంకా పోకముందు. నీడలోనే కావాలని, ఎందుకో కూడా రాశాం. మొదటి వాక్యం మా మేనకోడలిది. దాన్ని నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు.